ఇంగ్లండ్ వాళ్లు ఓరుగల్లుకు బాకీ

ఇంగ్లిష్ ప్రపంచ భాష ఎట్లా అయిందో తేల్చడానికి పండితులు చాలా శ్రమపడ్డారు. ఓడల వల్ల అన్నారు కొందరు. ఫిరంగుల వల్ల అన్నారు మరికొందరు. తర్వాత అమెరికా డాలర్ అన్నారు, సినిమాలన్నారు, ఇప్పుడు కంప్యూటర్ అంటున్నారు. ఇంతమంది ఇన్ని రాసి, ఒక్కరైనా మన ఓరుగల్లులోని హన్మకొండ నయీంనగర్ పేరు ఎత్తకపోవడం అన్యాయం. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

లెక్క చూడండి. ప్రపంచంలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు సుమారు 150 కోట్ల మంది ఉంటారని అంచనా. అందులో తల్లి ఒడిలో నేర్చుకున్నవాళ్లు 40 కోట్ల లోపే. మిగతావాళ్లంతా మనలాగా ఫీజు కట్టి, హోంవర్క్ చేసి, దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్లు. కంపెనీలో ఎవరి వాటా ఎక్కువైతే వాళ్లే యజమానులు కదా. ఆ లెక్కన ఇంగ్లిష్ మనది. లండన్ వాళ్లు ఏదో మొదట్లో పెట్టుబడి పెట్టారంతే. కాబట్టి ఆ భాష పెద్దదవడానికి ఓరుగల్లు తల్లిదండ్రులు పెట్టిన ఖర్చంతా లెక్కగట్టి, వడ్డీతో సహా ఇంగ్లండ్ నుంచి రాబట్టాలని నా డిమాండ్.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి మెకాలే పేరు ఎత్తుతారు. ఎత్తకుండా ఉండలేరు. 1835 ఫిబ్రవరి 2న ఆయన ఓ కాగితం రాశాడని, రక్తంలో భారతీయులు, అభిరుచిలో ఆంగ్లేయులు అయినవాళ్లను తయారుచేయాలన్నాడని, అప్పటినుంచి మనం చెడిపోయామని చెబుతారు. మంచిదే. కానీ ఆ కాగితం చెల్లింది ఈస్టిండియా కంపెనీ ఇలాకాలో. ఓరుగల్లు నిజాం ఇలాకా. ఇక్కడ దఫ్తరు ఫార్సీలో నడిచింది, 1880ల తర్వాత ఉర్దూలో నడిచింది. తెల్లదొర హైదరాబాద్ రెసిడెన్సీలో కూర్చుని నిజాంకు చెప్పాల్సింది చెప్పుకున్నాడు తప్ప, మడికొండ బడికొచ్చి ఏబీసీడీలు అనమని బెత్తం పట్టలేదు.

1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు చదువంతా ఉర్దూలో పెట్టారు. చరిత్ర, లెక్కలే కాదు, తర్వాత వచ్చిన ఇంజనీరింగూ వైద్యం కూడా ఉర్దూలోనే. పుస్తకాలు తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా ఓ దఫ్తరే నడిపారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడికి పోయి ఉర్దూలో చదవాల్సి వచ్చిందన్న గోస వేరే ఉంది, దాన్ని చిన్నది చేయను. అయినా ఈ దేశపు భాషలో డాక్టర్లను తయారుచేయొచ్చని రుజువైంది మన గడ్డమీదనే. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ చర్య జరిగింది. నిజాం రాజ్యం పోయింది, ఉర్దూ మీడియం పోయింది. దాని జాగలో ఇంగ్లిష్ వచ్చి కూర్చుంది. గమనించాల్సింది ఏమిటంటే, అప్పటికే తెల్లవాడు ఓడెక్కి వెళ్లిపోయాడు. రుద్దడానికి ఎవరూ లేరు. మనమే కబురు పెట్టి, దారి ఖర్చులిచ్చి పిలిపించుకున్నాం. మద్రాసు వైపు వాళ్లు ఇంగ్లిష్‌ను బలవంతాన భరించారు. మనం ఇష్టపడి తెచ్చుకున్నాం. బాకీ లెక్కలో ఈ తేడా చూపించాలి.

ఇప్పుడు నయీంనగర్‌కు వద్దాం. అక్కణ్నుంచి కిషన్‌పుర, నక్కలగుట్ట, సుబేదారి, హంటర్ రోడ్ దాకా ఒక్కసారి బోర్డులు చదువుకుంటూ పోండి. టెక్నో, గ్లోబల్, ఒలింపియాడ్, కాన్సెప్ట్, ఇంటర్నేషనల్. ఇంటర్నేషనల్ అని ఎందుకు పెట్టారని ఒకచోట అడిగితే, "మనకు జనగామ జిల్లా నుంచి కూడా బస్సులొస్తయి సార్" అన్నారు. తర్కం బాగానే ఉంది.

ఈ బడుల్లో ఇంగ్లిష్ ఎంతుందో కొలవడానికి నా దగ్గర సాధనం లేదు గానీ, ఏది ఏ భాషలో ఉందో మాత్రం చూశాను. ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. యూనిఫాం, షూస్, బెల్టు, టై ఎప్పుడు కొనాలో చెప్పే సర్క్యులర్ సగం ఇంగ్లిష్‌లో, సగం తెలుగులో ఉంటుంది. ఫీజు కట్టమని వచ్చే మెసేజ్ మాత్రం అచ్చ తెలుగులో, ఒక్క అక్షరం తప్పు లేకుండా, చివరి తేదీతో సహా ఉంటుంది. తల్లిదండ్రులకు ఏది అర్థం కావాలో, ఏది కాకూడదో యాజమాన్యానికి ఇంత స్పష్టత ఉన్నప్పుడు ఆ బడిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ ఉంటుంది. ఆ ఫైన్ ఎందుకు పడిందో పిల్లవాడికి అర్థమయ్యేట్టు చెప్పాలంటే టీచర్ తెలుగులోకి దిగాలి. ఆవిడకు ఫైన్ ఉండదు. జీతమూ పెద్దగా ఉండదు, అది వేరే ముచ్చట.

ఎల్‌కేజీ సీటుకు తల్లిదండ్రులకు కూడా ఇంటర్వ్యూ ఉంటుంది. భార్య ముందే చెబుతుంది: "నువ్వు ఏం మాట్లాడకు, నవ్వుకుంట కూసో." ఆయన ఎస్ మేడం, ఓకే మేడం అని నవ్వుకుంటూ కూర్చుంటాడు. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో వందమంది మధ్య నిలబడి ధర తెంపగలిగిన మనిషి అక్కడ నీళ్లు నములుతాడు. బయటికొచ్చి చెమట తుడుచుకుని, "మన కథ ఎట్లనో అయింది, పోరనికి ఈ బాధ ఉండొద్దు" అంటాడు. ఇంగ్లిష్ వ్యాప్తికి అసలు ఇంధనం ఈ మాటే. ఫిరంగులూ డాలర్లూ దీని ముందు నిలవవు. పదేళ్ల తర్వాత ఆ పిల్లవాడు భౌతికశాస్త్రం ఇంగ్లిష్‌లో బట్టీ పట్టి, అర్థం ఏమిటో ట్యూషన్ అక్కను తెలుగులో అడిగి తెలుసుకుంటాడు. అంటే చదువు తెలుగులోనే సాగింది. ఇంగ్లిష్‌లో జరిగింది రసీదు ఒక్కటే.

ప్రభుత్వాలు మాత్రం తెలుగును ఏనాడూ చిన్నచూపు చూడలేదు. చట్టం చేయకుండా ఒక్క తరాన్నీ వదల్లేదు. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. 2017 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. మరుసటి ఏడాదే పదో తరగతి దాకా ప్రతి బడిలో తెలుగు తప్పనిసరి అని ఇంకో చట్టం చేశారు. 2022-23 నుంచి సర్కారు బడులన్నింటిలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు. పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురుగా అదే పాఠం తెలుగు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. పిల్లలు తెలుగు పేజీ చదువుతారు, తల్లిదండ్రులు ఇంగ్లిష్ పేజీ చూసి మురుస్తారు, తనిఖీకి వచ్చిన ఆఫీసరు రెండూ లెక్కబెట్టుకుని పోతాడు. పుస్తకం మధ్యలో కుట్టు మీద ఒక్కడే కూర్చుని రెండువైపులా చూస్తుంటాడు టీచరు.

తెలుగును కాపాడే ఉత్తర్వులు కూడా చాలాసార్లు ఇంగ్లిష్‌లోనే వస్తాయని కొందరు ఎగతాళి చేస్తారు. వాళ్లకు చరిత్ర తెలియదు. 1066లో నార్మన్లు గెలిచాక ఇంగ్లండ్ కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. బోనులో నిలబడ్డ ఆంగ్లేయుడికి తనను విడిచిపెట్టారో ఉరి వేయమన్నారో వకీలు చెబితే తప్ప తెలిసేది కాదు. మూడొందల ఏళ్ల తర్వాత, 1362లో, వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని చట్టం చేశారు. ఫ్రెంచి ఈ దేశంలో జనానికి తెలియదు కాబట్టి అని కారణం కూడా రాశారు. రాసింది ఫ్రెంచిలో! అంతటితో వకీళ్లు మారిపోయారనుకోకండి. ఫ్రెంచి, లాటిన్ రాతలను పూర్తిగా తీసేయడానికి 1730ల దాకా పట్టింది. కాబట్టి మన సచివాలయం ఆలస్యం చేస్తున్నదని అనడం తొందరపాటు. 1966 నుంచి లెక్కేసుకుంటే మనకింకా మూడొందల ఏళ్ల పైచిలుకు గడువుంది. ఇంగ్లిష్‌కు ఒకప్పుడు ఫ్రెంచి ముందు ఇదే గతి పట్టిందన్న సంగతి ఏ స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లోనూ చెప్పరు. చెబితే కోర్సు అమ్ముడుపోదు.

కవి కాళోజీ నారాయణరావు పుట్టినరోజు, సెప్టెంబర్ 9, మనకు తెలంగాణ భాషా దినోత్సవం. బడిలో నేర్పే భాష కన్నా జనం నోట పలికే భాషే భాష అని జీవితమంతా కొట్లాడిన మనిషి. ఆయన పేరు మీద వరంగల్‌లోనే ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. పాఠాలు, పరీక్షలు ఇంగ్లిష్‌లో. పేరును పొట్టి చేసి కేఎన్ఆర్ యూహెచ్ఎస్ అంటారు. ఇది ఆయనకు జరిగిన అవమానమని ఓ మిత్రుడు బాధపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. వైద్యంలో రోగికి అర్థం కాకపోవడమే సగం మందు. చీటీ మీద రాసింది మనం చదవగలిగితే ఆ డాక్టర్ మీద నమ్మకం ఏముంటుంది?

ఇంతవరకూ చెప్పింది కొనుక్కున్న ఇంగ్లిష్ సంగతి. ఈ జిల్లాల్లో ఇంకో ఇంగ్లిష్ ఉంది. దానికి టై లేదు, ఫీజు లేదు, అందుకే లెక్కలోకి రాలేదు.

మిర్చి సీజన్‌లో తెల్లవారుజామున ఎనుమాముల యార్డుకు పొండి. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి నుంచి బస్తాలు దిగుతుంటాయి. తేజ, వండర్ హాట్, త్రీ ఫార్టీ వన్ అని రకాలు. కోల్డ్ స్టోరేజీలో పెట్టినదైతే ఏసీ సరుకు, లేకుంటే నాన్ ఏసీ. జెండా పాట, అంటే వేలం, అయిపోయాక అడ్తిదారుతో రైతు, "సేటూ, ఇది నాన్ ఏసీ, ఫుల్ డ్రై, కలర్ సూడు, తాలు యాడున్నది?" అని నిలదీస్తాడు. పత్తి వైపు వెళ్తే ఇంకా పెద్ద క్లాసు. మాయిశ్చర్ 8 ఉంటే పూర్తి మద్దతు ధర, పెరిగినకొద్దీ కోత, 12 దాటితే కేంద్ర పత్తి సంస్థ సీసీఐ కొనదు. ఈ పాఠం పత్తి రైతు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. ఆయన్ను ఎవరూ ఎల్‌కేజీలో వేయలేదు. ధర పోతుందంటే భాష దానంతటదే వస్తుంది.

ఇంతకన్నా గొప్ప పాఠశాల 2020 అక్టోబర్ 29న తెరుచుకుంది. భూమి రికార్డుల ధరణి పోర్టల్. చూస్తుండగానే డెబ్బై ఏళ్ల రైతులు, "పాసుబుక్కుల తప్పు దిద్దమని టీఎం 33 పెట్టిన, పెండింగ్ సూపిస్తున్నది. రిజెక్ట్ అయితే మళ్ల అప్లై చేయాలె. సర్వేనంబర్ ప్రొహిబిటెడ్‌ల పడ్డది. సర్వర్ డౌన్ అంటున్నరు" అని ధారాళంగా మాట్లాడసాగారు. మెకాలే వందేళ్లలో సాధించలేనిది తహసీల్ ఆఫీసు అరుగు మీద జరిగిపోయింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. రైతు మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాడు.

బొగ్గు బావుల్లోకి దిగితే ఈ చదువు ఇంకా పాతది. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. అప్పటినుంచి కోల్‌బెల్టులో కార్మికుడి నోట డ్యూటీ, మస్టర్, ఫస్ట్ షిఫ్ట్, ట్రామర్ అన్నీ తెలుగు విభక్తులతో కలిసి కాపురం చేస్తున్నాయి. గోదావరిఖనిలో ఒకామె, "మా ఆయిన అన్‌ఫిట్ అయిండు, కొడుకుకు డిపెండెంట్ కింద నౌకరి ఇయ్యాలె" అంటే ఆ ఒక్క ముక్కలో ఒక కుటుంబం జాతకమంతా ఉంటుంది. ఆమెకు ఇంగ్లిష్ రాదని ఆమే చెబుతుంది.

గల్ఫ్ సంగతి మరీ విచిత్రం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి ఇన్నేళ్లుగా మనవాళ్లు పోతున్నారు కదా, అక్కడ ఇంగ్లిష్ బాగా పనికొస్తుందేమో అనుకుంటాం. సైటు మీద బువ్వ పెట్టేది హిందీ. కఫీల్, అంటే అక్కడి యజమాని, దగ్గర నాలుగు అరబ్బీ ముక్కలు. ఇంగ్లిష్ కనిపించేది సంతకం పెట్టిన కాంట్రాక్టులో. చదవలేని ఆ కాగితంలో జీతం ఎంత రాశారో దుబాయ్‌లో దిగాక తెలుస్తుంది. ప్రపంచ భాష అని దీన్నెందుకు అంటారో అప్పుడు అర్థమవుతుంది. ప్రపంచంలో ఏ మూల సంతకం పెట్టినా నష్టపోవచ్చు.

నన్ను ఇంగ్లిష్ వ్యతిరేకి అనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. వరంగల్ జిల్లా పాపయ్యపేటలో పుట్టిన రచయిత కంచ ఐలయ్య ఎన్నో ఏళ్లుగా ఒక మాట అడుగుతున్నారు: పెద్ద కులాల పిల్లలంతా ఇంగ్లిష్‌లో చదువుతుంటే, గొర్రెలు కాసేవాళ్ల పిల్లలకు మాత్రం మాతృభాష తీపి ఎందుకు చెబుతున్నారు? దీనికి తెలుగు వేదికల మీద జవాబు రాలేదు. రాదు కూడా. ఎందుకంటే జవాబు చెప్పాల్సిన వక్త ఉపన్యాసం మధ్యలో వాచీ చూసుకుంటుంటాడు, మనవడిని ఇంటర్నేషనల్ బడి నుంచి తీసుకురావాలి. సర్కారు బడి పిల్లవాడికి కూడా ఇంగ్లిష్ కావాలనడంలో తప్పు లేదు. కాకపోతే వాడికి మీడియం ఇచ్చాం, ఇంగ్లిష్ ఇవ్వలేదు. ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా, గట్టి టీచర్‌ను పెట్టి నేర్పాలంటే ఖర్చవుతుంది. మీడియం మార్చడానికి ఒక జీవో, కొంచెం పెయింటు చాలు. రేపు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగానికి పోతే, కోడ్ బాగా రాసినా "కమ్యూనికేషన్ స్కిల్స్" లేవని వెనక్కి పంపేది కూడా ఈ పిల్లవాడినే. ఏళ్ల తరబడి ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు సర్టిఫికెట్ చేతిలోనే ఉంటుంది.

ఇక తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల వైపు పోతే మన గోడు మనకే ఎదురొస్తుంది. కోయ ఇంట్లో పుట్టిన పిల్ల బడికొచ్చిన మొదటి రోజు టీచర్ మాట్లాడే తెలుగు విని గుడ్లప్పగించి చూస్తుంది. ఆ పిల్లకు మనమే మెకాలే. అటు ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండీ భాషకు సొంత లిపే ఉంది. 2018లో అది యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఏ ఆఫీసు దరఖాస్తులో ఎక్కించాలో మాత్రం ఇంకా తేలలేదు. ఇంగ్లిష్ మనల్ని మింగుతున్నదని సభ పెట్టేటప్పుడు వాళ్లను పిలవొద్దు. పిలిస్తే ఇంకో సభ పెట్టాల్సి వస్తుంది.

అందుకని ఇంగ్లండ్ బాకీ తీర్చేలోగా తెలుగును నిలబెట్టడానికి నా దగ్గర ఒక పథకం ఉంది. అవార్డులు, శాలువాలు, చట్టాలు అవసరం లేదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల గుట్ట మీద పదో శతాబ్దపు కంద పద్యాలు చూపించాం, 2008లో ప్రాచీన భాష హోదా తెచ్చుకున్నాం. అడ్మిషన్లు పెరగలేదు. చేయాల్సింది ధర పెంచడం. హంటర్ రోడ్‌లో తెలుగు మీడియం ఇంటర్నేషనల్ స్కూల్ తెరవాలి. పక్కనున్న ఇంగ్లిష్ బడి కన్నా ఫీజు రెండింతలు. ఏసీ బస్సు, ఈత కొలను, గుర్రం. సీటు కావాలంటే తల్లిదండ్రులు పోతన పద్యం ఒకటి పదచ్ఛేదంతో చెప్పాలి, బమ్మెర ఎంత దూరమని. సారీ అన్న పిల్లవాడికి పది రూపాయలు, థాంక్స్ అన్నవాడికి ఇరవై ఫైన్. మొదటి ఏడు నలభై సీట్లే ఉన్నాయని పేపర్లో ప్రకటన ఇస్తే చాలు, సుబేదారి నుంచి ఎమ్మెల్యేల ఫోన్లు మొదలవుతాయి. రెండో ఏటికల్లా నక్కలగుట్టలో "నెల రోజుల్లో తడుముకోకుండా తెలుగు" అని కోచింగ్ సెంటర్లు లేస్తాయి. పెళ్లిచూపుల్లో పిల్లవాడు తెలుగు మీడియమా అని అడుగుతారు.

అప్పుడు మామునూరు, ధర్మసాగర్ నుంచి కూలి చేసుకునే తల్లులు కలెక్టరేట్ ముందు కూర్చుంటారు: "పెద్దోళ్ల పిల్లలు సదివే తెలుగు మా పిల్లలకు గూడ గావాలె." భాషా దినోత్సవం వేదిక మీద, శాలువా సర్దుకుంటూ, మన పెద్దమనిషి లేస్తాడు. పేద పిల్లల మీద అంత బరువైన తెలుగు ఎందుకు మోపడం, వాళ్లకు హాయిగా అలవాటైన ఇంగ్లిష్ ఉంది కదా, అంటాడు. చప్పట్లు పడతాయి. మనవడి సీటు కోసం హంటర్ రోడ్‌కు ఆయన సిఫారసు లెటర్ అప్పటికే వెళ్లి ఉంటుంది. లెటర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది.